కొండ ఎక్కడ ఆగింది, చేను ఎక్కడ మొదలైంది? వాలు మార్పును మ్యాపులో పట్టుకోవడం

ప్రశ్న: సార్, కదిరి దగ్గర వాటర్‌షెడ్ పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని చేస్తున్నాను. కొండవాలు ఎక్కడ ఆగి చేలు ఎక్కడ మొదలవుతాయో చూపించే మ్యాపు కావాలని ఆఫీసులో అడిగారు. ఆ గీతకు పైన కందకాలు, కింద ఊట కుంటలు ప్లాన్ చేస్తారట. ఎస్‌ఆర్‌టీఎమ్ (షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) 30 మీటర్ల డేటా దించుకుని, మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలోకి మార్చి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో స్లోప్ (వాలు లెక్క) చేశాను. వాలు మారే చోటు కావాలి కదా అని ఆ స్లోప్ మీద మళ్లీ స్లోప్ వేశాను. మ్యాపు నిండా చారలు, చుక్కలు. ఫ్రెండ్ ఒకడు కర్వేచర్, అంటే నేల వంపు లెక్క, చెయ్యమన్నాడు. చేస్తే 0.002, మైనస్ 0.004 లాంటి అంకెలు వచ్చాయి, ఎలా చదవాలో తెలియలేదు. ఆర్క్‌జీఐఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చేసిన వేరే ఆఫీసు వాళ్లకు ప్లస్ మైనస్ గుర్తులు నావాటికి ఉల్టాగా వచ్చాయి. ఏది సరైనది? ఎంత విలువ దాటితే వాలు మారినట్టు లెక్క? నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు టెన్షన్ తగ్గించుకోండి. క్యూజీఐఎస్ లెక్క తప్పలేదు, మీరూ తప్పు బటన్ నొక్కలేదు. మధ్యలో ఒక ప్రశ్న జారిపోయింది, అంతే. వాలు మారింది అంటే ఎంత దూరంలో మారింది? ఈ దూరం చెప్పకుండా వాలు మారే చోటు చూపించమంటే కంప్యూటర్ పక్కపక్క గడుల (ఒక్కో ఎత్తు ఉన్న చదరపు ముక్కల) మధ్య దూరాన్నే తీసుకుంటుంది, మీ డేటాలో అది 30 మీటర్లు. మీ కొండలకు ఆ 30 మీటర్లతో పనేమీ ఉండకపోవచ్చు. మీ వైపు చూసే ఉంటారు, కొన్ని రాతిగుట్టలు చేలోంచి ఒక్కసారిగా లేస్తాయి, బండ ఆగిన చోటే వేరుశనగ చేను మొదలవుతుంది, అక్కడ మార్పంతా ఒకటి రెండు గడుల్లో అయిపోతుంది. ఇంకొన్ని కొండల కింద ఏళ్ల తరబడి జారిన రాళ్లూ మట్టీ పేరుకుని, వాలు మెల్లగా తగ్గుతూ, రెండు మూడు వందల మీటర్లు నడిచాక గానీ నేల చదునుకు రాదు. రెండింటినీ ఒకే కొలతతో వెతికితే ఒకటి దొరికి ఇంకోటి పోతుంది. అందుకే దూరం ముందు తేల్చుకోండి, లెక్క తర్వాత.

ఇక చారలు. వాటిని వెంటనే తుడిచెయ్యాలని చూడకండి, వాటి ఆకారం చూడండి, జబ్బు ఎక్కడుందో అవే చెప్తాయి.

కొండతో, వాగుతో సంబంధం లేకుండా మ్యాపు ఈ చివర నుంచి ఆ చివరకు, సమాన దూరాల్లో దాదాపు అడ్డంగా గీతలు కనిపిస్తున్నాయా? అయితే అది యూటీఎమ్‌లోకి మార్చినప్పుడు జరిగింది. క్యూజీఐఎస్‌లో వార్ప్ చేసేటప్పుడు రీశాంప్లింగ్ పద్ధతి మీరు ముట్టుకోకపోతే నియరెస్ట్ నైబర్ అని ఉంటుంది, అంటే కొత్త గడికి దగ్గరలో ఏ పాత గడి ఉంటే దాని ఎత్తు ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడం. మీ దగ్గర, అంటే సుమారు 14 డిగ్రీల అక్షాంశంలో, ఒక ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు, ఎస్‌ఆర్‌టీఎమ్‌లో ఒక గడి అంతే) ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా సరిగ్గా 30 మీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని 30 మీటర్ల చదరపు గడికి మార్చితే దాదాపు 41 వరుసలకోసారి ఒక వరుస రెండుసార్లు పడుతుంది. ఆ జంట వరుసల మధ్య ఎత్తు తేడా సున్నా, కాబట్టి వాలు అక్కడ ఉత్తినే పడిపోయి మళ్లీ లేస్తుంది, మీరు దాని మీద ఇంకోసారి స్లోప్ వేస్తే అదే మ్యాపులో అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది. నిలువు గీతలు అంతగా లేకుండా అడ్డగీతలే ఎక్కువుంటే ఖాయంగా ఇదే. బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ పెట్టి మళ్లీ మార్చండి, చాలావరకు పోతాయి. ఎత్తుల డేటాకు నియరెస్ట్ నైబర్ ఎప్పుడూ వాడకూడదు, అది భూవినియోగం లాంటి తరగతుల మ్యాపులకు పెట్టిన పద్ధతి.

అక్కడే ఇంకో మాట. యూటీఎమ్ జోన్ సరిచూసుకోండి. 43, 44 జోన్ల హద్దైన 78 డిగ్రీల రేఖాంశం సరిగ్గా మీ జిల్లా మీదుగానే పోతుంది, పుట్టపర్తి 43లో పడుతుంది, కదిరి 44లో. కొంచెం పక్క జోన్‌లో చేసినంత మాత్రాన వాలు లెక్క పాడవదు, కానీ ఒకరు 43లో, ఒకరు 44లో చేసిన మ్యాపులు అతికించబోతే గడులు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. సంస్థ మొత్తానికి ఒకటే ఎంచుకుని దానికే కట్టుబడండి.

రెండో రకం చారలు కాంటూర్లలాగా కొండ చుట్టూ, చేలల్లో వాలుకు అడ్డంగా వంకర్లు తిరుగుతూ పోతాయి. వీటికి కారణం ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తులు పూర్ణాంకాల్లో ఉండటం. 512 మీటర్లు, 513 మీటర్లు, మధ్యలో ఏమీ లేదు. మీ చేల వాలు అర డిగ్రీ అనుకుందాం, అంటే ఒక గడికి 26 సెంటీమీటర్ల పల్లం. డేటాలో ఏమవుతుంది? నాలుగు గడుల దాకా ఒకే అంకె ఉండి, ఆ తర్వాత ఒక్కసారి ఒక మీటరు దిగుతుంది. స్లోప్ సాధనం అటూ ఇటూ ఒక్కో గడి చూసి 60 మీటర్ల మీద లెక్క కడుతుంది కాబట్టి రెండు గడులకు సున్నా, తర్వాతి రెండు గడులకు 0.95 డిగ్రీలు, మళ్లీ సున్నా, మళ్లీ 0.95. నిజంగా ఎక్కడా మారని చదునైన చేను మెట్లుమెట్లుగా మారిపోయింది. పాత టోపోషీట్ కాంటూర్ల నుంచి తయారుచేసిన డీఈఎమ్‌లో (గడిగడికీ ఎత్తు రాసి ఉండే ఇలాంటి డేటాను అలా అంటారు) కూడా ఇలాంటి చారలే వస్తాయి, అక్కడ ఇంకా పెద్దవి, ఎందుకంటే 1:50,000 షీట్లలో కాంటూర్ల మధ్య ఎత్తు మామూలుగా 20 మీటర్లు.

మూడోది, ఏటవాలుగా అలల్లా పోయే మసక చారలు. ఇవి ఎస్‌ఆర్‌టీఎమ్ కొలతలోనే ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో కొలుస్తూ తిరిగిన దారుల గుర్తులు అవి. చదునైన చోట తప్ప పెద్దగా కనిపించవు, కానీ మీకు కావాల్సిన గీత ఒక పక్క చదునైన నేలే కదా.

ఇక చుక్కలు. ఇక్కడే అసలు కథ ఉంది, కాస్త ఓపికగా చదవండి. డీఈఎమ్‌లో తప్పు అంటే అందరూ మొత్తం ఎత్తులో తప్పు గురించి మాట్లాడతారు, 16 మీటర్లనీ 4 మీటర్లనీ. కొండ మొత్తం 5 మీటర్లు పైకి లేచి ఉన్నా వాలుకు నష్టమేమీ లేదు. వాలును చెడగొట్టేది పక్కపక్క గడుల మధ్య ఉండే చిన్న తేడా. ప్రతి గడిలోనూ విడివిడిగా 2 మీటర్ల తప్పు ఉందనుకోండి. అటూ ఇటూ గడుల తేడా తీసి వాలు కడితే ఆ తప్పు సుమారు 2.7 డిగ్రీలు అవుతుంది. 20 డిగ్రీల కొండ మీద అది పెద్ద లెక్క కాదు. అదే తప్పు కర్వేచర్‌కు వచ్చేసరికి, పద్ధతిని బట్టి, 0.003 నుంచి 0.005 దాకా అవుతుంది. ఇప్పుడు మీ అంకెలు చూడండి: 0.002, మైనస్ 0.004. కొండ ఏమీ చెప్పకపోయినా కేవలం కొలతలోని నాయిస్, అంటే గడిగడికీ ఉండే చిన్న తప్పుల వల్లే ఆ అంకెలు రావచ్చు. ఎత్తు నుంచి వాలుకు ఒకసారి తేడా తీస్తాం, వాలు నుంచి వాలు మార్పుకు ఇంకోసారి తీస్తాం, రెండోసారి దూరం వర్గంతో భాగిస్తాం, అందుకే గడి చిన్నదయ్యేకొద్దీ నాయిస్ విపరీతంగా పెరుగుతుంది. ఇంకా చిన్న గడి డేటా తెచ్చుకుంటే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. డ్రోన్‌తో తీసిన 10 సెంటీమీటర్ల డేటాలో నేరుగా కర్వేచర్ వేస్తే నాగలి చాళ్లు, గట్లు, పొదలు అన్నీ వస్తాయి, కొండ పాదం మాత్రం రాదు.

స్లోప్ మీద స్లోప్ గురించి. అది పనికిరానిదేం కాదు, కానీ మీ పనికి రెండు లోపాలున్నాయి. ఒకటి, వాలు పెరిగిందా తగ్గిందా చెప్పదు, మారింది అని మాత్రమే చెప్తుంది. కొండ పైన బల్లపరుపు నేల ఆగి వాలు మొదలయ్యే అంచు, కింద వాలు ఆగి చేను మొదలయ్యే పాదం, రెండూ ఒకే రంగులో వస్తాయి. రెండోది, సన్నటి శిఖరం దగ్గర అటు 30 డిగ్రీలు ఇటు 30 డిగ్రీలు ఉంటే, సరిగ్గా శిఖరం గడిలో వాలు సున్నా అని వస్తుంది, అటూ ఇటూ 30 అని వస్తుంది. దాని మీద మళ్లీ స్లోప్ వేస్తే శిఖరం పక్కన రెండు గట్టి గీతలు పడతాయి, అసలు శిఖరం మీద ఏమీ ఉండదు. వాగు గర్భంలో కూడా ఇదే తంతు.

మీకు కావాల్సింది ప్రొఫైల్ కర్వేచర్, అంటే నీళ్లు దిగే దిక్కులో వాలు ఎలా మారుతోంది అన్నది. ప్లాన్ కర్వేచర్ వేరే సంగతి, అది కొండ అడ్డంగా ఎలా వంపు తిరిగిందో, నీళ్లు ఒకచోటికి చేరతాయా విడిపోతాయా చెప్తుంది, ఊట కుంటకు చోటు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది, ఇప్పుడు పక్కన పెట్టండి. ఉత్తి కర్వేచర్ అని ఏ ముందుమాటా లేకుండా వచ్చే రాస్టర్‌లో (గడుల మ్యాపులో) రెండూ కలిసిపోయి ఉంటాయి, దాన్ని ఈ పనికి వాడొద్దు.

ప్లస్ మైనస్ తేడాకు ఎవరిదీ తప్పు కాదు. గ్రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఆర్ డాట్ స్లోప్ డాట్ ఆస్పెక్ట్ సాధనం ఉబ్బెత్తు ఆకారానికి ప్లస్, పళ్లెంలా లోతైన ఆకారానికి మైనస్ ఇస్తుంది. ఆర్క్‌జీఐఎస్ ప్రొఫైల్ కర్వేచర్‌లో ఉబ్బెత్తు మైనస్. పైగా ఆర్క్‌జీఐఎస్‌లోని పాత కర్వేచర్ సాధనం విలువను వందతో గుణించి ఇస్తుంది, కాబట్టి వాళ్ల 0.4, మీ 0.004 ఒకటే అయ్యుండొచ్చు. మాన్యువల్ వెతుక్కోవడం కన్నా త్వరగా తేలే దారి ఒకటుంది, మీకు బాగా తెలిసిన ఒక కొండ పాదం మీద క్లిక్ చేసి గుర్తు చూడండి. అక్కడ ఏ గుర్తు వస్తే మ్యాపంతా పాదాలకు అదే గుర్తు. ఆ ఒక్క వాక్యం మ్యాపు కింద రాసి పెట్టండి, తర్వాత చూసేవాళ్లకు ఈ తికమక ఉండదు.

అంకెను మనిషి భాషలోకి తెచ్చుకోవడానికి 5,730తో గుణించండి, 100 మీటర్లకు వాలు ఎన్ని డిగ్రీలు మారుతోందో వస్తుంది. 0.004 అంటే 100 మీటర్లకు సుమారు 23 డిగ్రీలు. 0.002 అంటే 11 డిగ్రీల పైచిలుకు. రైతుకైనా, ఇంజనీరుకైనా 100 మీటర్లు నడిస్తే వాలు 11 డిగ్రీలు తగ్గుతుంది అని చెప్పొచ్చు, 0.002 అని చెప్పలేం.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. డేటా మార్చండి, నా సలహా కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎమ్. టాండెమ్ ఎక్స్ ఉపగ్రహాల రాడార్‌తో 2011 నుంచి 2015 మధ్య కొలిచింది, ఉచితం, ఎత్తులు దశాంశాల్లో ఉంటాయి కాబట్టి పూర్ణాంకాల మెట్ల గొడవ అక్కడితో తీరిపోతుంది. నిటారు బండల దగ్గర రాడార్ నీడ పడిన చోట్ల వేరే డేటాతో పూడ్చిన గడులు ఉంటాయి, డేటాతో పాటు వచ్చే ఫిల్లింగ్ మాస్క్ చూస్తే ఏ గడులో తెలుస్తుంది. ఇస్రో వాళ్ల భువన్ సైట్‌లో దొరికే కార్టోడెమ్ కూడా తెచ్చుకోండి, కార్టోశాట్ 1 జంట చిత్రాల నుంచి తీసింది, రాడార్‌తో సంబంధం లేదు. రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలిచిన డేటాలో ఒకేచోట పాదం కనిపిస్తే దాన్ని ధైర్యంగా నమ్మొచ్చు, ఒకదానిలోనే కనిపిస్తే పోయి చూడాల్సిందే.

తర్వాత, పక్క గడులతో తేడా తీసే పద్ధతి వదిలేసి, పెద్ద విండోలో, అంటే ఎక్కువ గడుల గుంపును ఒకేసారి తీసుకుని, వంపు ఉపరితలం ఒకటి సర్ది దాని నుంచి కర్వేచర్ తీయండి. ఇయాన్ ఎవాన్స్ 1970లలో 3 గుణింతం 3 విండోకి చెప్పిన ఈ ఆలోచనను జో వుడ్ 1996 నాటి తన పరిశోధనలో ఎంత పెద్ద విండోకైనా వర్తించేలా చేశారు, గ్రాస్‌లో ఆర్ డాట్ పారామ్ డాట్ స్కేల్ అనే సాధనం అదే, క్యూజీఐఎస్ ప్రాసెసింగ్ పెట్టెలో గ్రాస్ ఆన్ చేసుకుంటే కనిపిస్తుంది. మెథడ్‌లో ప్రొఫైల్ కర్వేచర్ ఎంచుకోండి, సైజు బేసి సంఖ్య ఇవ్వాలి.

సైజు వల్ల ఎంత తేడా వస్తుందో అంకెల్లో చెప్తాను, ఎందుకంటే ఇది చూస్తే గానీ పెద్ద విండో మీద నమ్మకం కుదరదు. కొండ 20 డిగ్రీల వాలుతో వచ్చి ఒక్కసారిగా 4 డిగ్రీల చేనుగా మారిందనుకుందాం. 3 గడుల విండోలో ఆ పాదం సుమారు 0.009 చూపిస్తుంది, 2 మీటర్ల నాయిస్ 0.003 చూపిస్తుంది. మూడు రెట్లే తేడా, మ్యాపంతా చుక్కల్లో పాదం కలిసిపోతుంది. 9 గడుల విండోలో పాదం 0.002కి తగ్గుతుంది, కానీ నాయిస్ 30 రెట్లకు పైగా తగ్గి 0.0001 లోపుకి పోతుంది. ఇరవై రెట్ల తేడా. అయితే నిజం డేటాలో పక్కపక్క గడుల తప్పులు కలిసికట్టుగా ఉంటాయి, కాబట్టి కాగితం మీద వచ్చినంత లాభం రాదు, ఐనా మ్యాపు చూస్తే కంటికే తెలిసిపోతుంది. దీనికి కట్టే ధర కూడా తెలుసుకోండి: 9 గడులంటే 270 మీటర్లు, అంతకన్నా సన్నగా జరిగే మార్పు ఎంత పదునుగా జరిగిందో ఇక చెప్పలేం, రెండు పాదాలు 200 మీటర్ల దూరంలో ఉంటే ఒకటిగా కలిసిపోతాయి. అందుకని 5, 9, 15 మూడు సైజుల్లో చెయ్యండి. మూడింటిలో ఒకే చోట నిలబడితే పదునైన, గట్టి పాదం. 15లోనే బలంగా కనిపించి 5లో చెదిరిపోతే మెల్లగా జరిగే మార్పు. 5లో మాత్రమే ఉండి 9లో మాయమైతే దాన్ని నమ్మకండి, పోయి చూసొస్తే తప్ప. ఇంకొకటి, ప్రొఫైల్ కర్వేచర్ లెక్కలో వాలు వర్గంతో భాగించడం ఉంటుంది, వాలు సున్నాకు దగ్గరైన చోట విలువలు పిచ్చిగా వస్తాయి. 1 డిగ్రీ కన్నా తక్కువ వాలున్న గడులన్నీ తీసెయ్యండి.

ఇదంతా కుదరదు, ఈ వారంలోనే ఏదో ఒకటి కావాలి అంటే ఇంకా సులువైన దారి ఉంది, నిజం చెప్పాలంటే చాలా వాటర్‌షెడ్ పనులకు ఇదే చాలు. డీఈఎమ్‌ను కాస్త నునుపు చేసి స్లోప్ వేయండి, ఆ స్లోప్ రాస్టర్ మీద కాంటూర్లు గీయండి, ఎత్తుకు బదులు వాలుకు కాంటూర్లు అన్నమాట, 3, 6, 10, 15 డిగ్రీల దగ్గర. ఈ గీతలు దగ్గరదగ్గరగా గుమిగూడిన చోట వాలు త్వరగా మారుతోంది, దూరదూరంగా పోయిన చోట మెల్లగా మారుతోంది. గుర్తుల గందరగోళం లేదు, 0.002 లేదు, ఏ పక్క ఎక్కువో ఏ పక్క తక్కువో గీత మీదే రాసి ఉంటుంది. పైగా గీతల మధ్య దూరం స్కేలుతో కొలిస్తే నేను మొదట అడిగిన ప్రశ్నకు, అంటే ఎంత దూరంలో మారింది అన్నదానికి, నేరుగా జవాబు దొరుకుతుంది. విండో సైజు ఎంత పెట్టాలో దాన్నిబట్టే తెలుస్తుంది కాబట్టి కర్వేచర్ చేసేవాళ్లు కూడా ముందు ఇది చేస్తే మంచిది.

ఎంత విలువ దాటితే మార్పు అనాలి అని అడిగారు. అన్ని ఊళ్లకూ పనికొచ్చే అంకె లేదు, ఎవరైనా ఇస్తే తీసుకోకండి. మీ అంకె మీ కొండల నుంచే రావాలి. మీకు బాగా తెలిసిన కొన్ని కొండలు ఎంచుకోండి, నిటారు గుట్టలు కొన్ని, మెల్లగా దిగేవి కొన్ని. క్యూజీఐఎస్‌లో ఎలివేషన్ ప్రొఫైల్ కిటికీ తెరిచి కొండ మధ్య నుంచి చేల దాకా నీళ్లు దిగే దారిలో గీత గీయండి, 3.26 వెర్షన్ నుంచి అది లోపలే ఉంది, వేరే ప్లగిన్ అక్కర్లేదు. అక్కడ వచ్చే కోతలో, అంటే నేలను పక్క నుంచి చూసినట్టుండే గీతలో, పాదం ఎక్కడుందో మీ కళ్లతో గుర్తుపెట్టండి, ఆ చోట కర్వేచర్ ఎంతుందో రాసుకోండి. అలాగే కొండ మధ్యలో, ఏ మార్పూ లేదని మీకు తెలిసిన చోట్ల ఎంతుందో కూడా రాసుకోండి, ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. రెండు గుంపుల మధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ హద్దు పెట్టండి. రెండూ కలిసిపోయి ఖాళీయే లేకపోతే ఆ సైజు విండో మీ పనికి సరిపోదని అర్థం, సైజు మార్చి మళ్లీ చూడండి. హద్దుతో పాటు ఒక షరతు కూడా పెట్టుకోండి: పైపక్క వాలు 8 డిగ్రీల కన్నా ఎక్కువ, కిందపక్క 5 కన్నా తక్కువ ఉంటేనే కొండ పాదం, లేకపోతే కొండ మీదుండే చిన్నచిన్న మెట్లు కూడా వచ్చి చేరతాయి. ఈ 8, 5 కూడా మీ నేలను బట్టి మార్చుకోండి.

డిగ్రీలు, శాతాలు కలపకండి, ఆఫీసులో ఇదే ఎక్కువ గొడవ తెస్తుంది. వాటర్‌షెడ్ పుస్తకాల్లో వాలు శాతాల్లో ఉంటుంది, కాంటూర్ గట్లకు సుమారు 6 శాతం దాకా అని చెప్తారు, అది 3.4 డిగ్రీలు మాత్రమే. మీరు 6 డిగ్రీల గీత ఇచ్చి వాళ్లు 6 శాతం అనుకుంటే 10 శాతం పైనున్న నేలలో గట్లు పోస్తారు, ఒక్క గట్టి వానకు తెగిపోతాయి, నష్టపోయేది కింద చేను ఉన్న రైతు.

దొంగ పాదాలు కూడా ఉంటాయి, వాటి మీద ఒక కన్నేసి ఉంచండి. ఇవన్నీ పైనుంచి చూసిన ఉపరితలాలు, చెట్టు ఉంటే చెట్టు పైభాగమే నేల. మీ దగ్గర అడవి ఎక్కువగా ముళ్లపొదలే కాబట్టి బాధ తక్కువ, కానీ పాడేరు, అరకు వైపు పనిచేసేవాళ్లకు అడవి ఆగిన గీతే వాలు మారిన గీతలా వస్తుంది, అది కొండ పాదం దగ్గరే ఉండటంతో ఇంకా నమ్మబుద్ధేస్తుంది. మీ దగ్గర మామిడి తోటల అంచులు అలాంటివే. చెరువుల విషయంలో, కోపర్నికస్‌లో నీటి మట్టాన్ని చదును చేసి ఉంచుతారు, నీళ్ల అంచు ఒక పదునైన గీతలా వస్తుంది. చెరువులూ కట్టలూ ముందే మాస్క్ చేసెయ్యండి, అంటే లెక్కలోంచి తీసెయ్యండి. గ్రానైట్ క్వారీల గోడలు కూడా అంతే, ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుంటే ఒక్క చూపులో తెలుస్తాయి. ఇంకా, డేటా ఏ ఏడాదిదో మర్చిపోకండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అప్పటి మీ అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది, ఎస్‌ఆర్‌టీఎమ్ అంతకు ఆరేళ్ల ముందుది. ఆ తర్వాత తవ్వినవి, పూడ్చినవి ఏవీ అందులో లేవు, ఉన్నా 30 మీటర్ల గడిలో కందకం కనిపించదు.

నేల మీద సరిచూడకుండా మ్యాపు ఇవ్వకండి. పెద్ద పరికరాలు అక్కర్లేదు, మీ సంస్థలో ఏ-ఫ్రేమ్ (A ఆకారపు కర్ర చట్రం) గానీ పైపు లెవెల్ గానీ ఉండే ఉంటుంది. పాదం అని మ్యాపు చెప్పిన చోటికి అటు వంద మీటర్లు ఇటు వంద మీటర్లు, 10 మీటర్లకోసారి పల్లం కొలుస్తూ నడవండి, కోత గీసి డీఈఎమ్ కోత మీద పెట్టి చూడండి. ఫోన్లోని కోణం చూపించే యాప్‌తో కూడా వాలు తెలుస్తుంది, కానీ గొర్రెలు కాసేవాళ్లనో, ఆ చేను రైతునో వెంటబెట్టుకుని వెళ్లండి. వాన నీళ్లు ఎక్కడిదాకా ఉరుకుతాయి, ఎక్కడ నెమ్మదించి మట్టి వదిలేస్తాయి అని అడగండి. వాళ్లు చూపించే చోటు మీ గీతకు 30, 60 మీటర్లలో ఉంటే మీ మ్యాపు బాగున్నట్టే. 200 మీటర్లు తేడా వస్తే వాళ్ల మాట పట్టుకుని మళ్లీ లెక్క చూడండి.

ఆఫీసుకు ఇచ్చేటప్పుడు రంగురంగుల కర్వేచర్ రాస్టర్ ఇవ్వొద్దు, దాన్ని చూసి ఎవరూ కందకం గీత గీయలేరు. దాన్ని కింద పెట్టుకుని, స్లోప్ కాంటూర్లు పైన వేసుకుని, చేత్తో గీతలు గీయండి. కంప్యూటర్ గీసిన గీత ముక్కలుముక్కలుగా వస్తుంది, కొండ పాదం అలా తెగదు, కలపాల్సిన చోట మీరే కలపాలి. భూస్వరూపాల మ్యాపులు గీసేవాళ్లలో 1960ల నుంచీ ఒక అలవాటుంది, వాలు ఒక్కసారిగా మారిన చోట నిండు గీత, మెల్లగా మారిన చోట తెగుగీత, ఎక్కువ వాలున్న పక్కన చిన్న గుర్తులు. అదే పాటించండి. నిండు గీత ఉన్న చోట పైన కందకాలు ఆపి కింద పని మొదలుపెట్టొచ్చు. తెగుగీత ఉన్న చోట ఒక గీతకు బదులు ఒక పట్టీ చూపించండి, దాని వెడల్పు మీటర్లలో పక్కనే రాయండి, ఎందుకంటే అక్కడ పైనుంచి కొట్టుకొచ్చిన వదులు మట్టి, రాళ్లు ఉంటాయి, నీళ్లు బాగా ఇంకుతాయి, ఊట కుంటకు చోటు వెతకాల్సింది ఆ పట్టీ లోపలే. మీరు కొలిచి చూసిన చోట్లను వేరే రంగు చుక్కలతో గుర్తించండి, చూడని చోట్లు ఏవో ఇంజనీరుకు తెలియాలి. నెలాఖరుకి మొత్తం అవ్వకపోతే ఒక మైక్రో వాటర్‌షెడ్ పూర్తిగా చేసి ఇవ్వండి, మిగతావి కర్వేచర్ అంకెలు సరిపోల్చుకుంటూ వచ్చే నెలలో చెయ్యొచ్చు.